వంకర ఇరుసు

బాస్కెట్‌బాల్ అంటే బంతిని బుట్టలో వేయడమేనని నేను నమ్మే రోజుల్లో, డ్రిల్లు మేడమ్ మా నాన్న సైకిల్ షాపుకి వచ్చారు. పనిబల్ల మీదున్న సామానంతా ఒక పక్కకి నెట్టేసి, ఆ ఖాళీలో అయిదు నట్లు, అయిదు బోల్టులు పేర్చారు. బయట వాన జోరుగా కురుస్తోంది. పంక్చర్ వేయించుకునేవాడు కూడా ఒక్కడు రాలేదు. తన బల్ల మీద ఎవరో కొత్త కాపురం పెడుతున్నట్టు నాన్న స్పానర్ పట్టుకుని గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు.

"నట్లు మనవాళ్ళు, బోల్టులు అవతలివాళ్ళు. ఈ పెద్ద బోల్టుంది చూశారా, ఇదీ నా తలనొప్పి," అన్నారు మేడమ్. "కుర్చీలో కూర్చునే చెయ్యెత్తాడంటే ఈ గుమ్మం పైపట్టీ అందుతుంది. అందరూ అతన్ని క్రేన్ అంటారు. ఆ క్రేన్‌ని ఆపడానికి నాకు మీ అబ్బాయి కావాలి."

మా అన్నయ్య ఇంటికీ షాపుకీ మధ్యనున్న ఆ గుమ్మంలోనే చక్రాల కుర్చీలో ఉన్నాడు. గోడల మీద ప్రకటనలు రాసే పనిలో నిచ్చెన మీంచి పడ్డాక అతనికి ఛాతీ కింది నుంచి స్పర్శ లేదు. పడకముందు పేటలో బాస్కెట్‌బాల్ ఆడేవాడు. ఆడేవాడు అనడం కంటే, చేతికందిన బంతిని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు అంటే సరిగ్గా ఉంటుంది. పడ్డాక బంతి మాట అటుంచి, వీధి మొహం చూడటమే మానేశాడు.

"ఈ చక్రాల కుర్చీల బాస్కెట్‌బాల్‌లో ఒంట్లో ఎంత పట్టుందో చూసి ఒక్కొక్కరికి అంకె ఇస్తారు," అన్నారు మేడమ్. "నడుమూ కాళ్ళూ కొంచెం పనిచేసేవాళ్ళకి నాలుగున్నర దాకా ఇస్తారు. మీవాడికి ఒకటి. ఆడే అయిదుగురి అంకెలూ కలిపితే పధ్నాలుగు దాటకూడదు."

"ఒకటా? బళ్ళో కూడా నాకంత తక్కువ రాలేదండీ," అన్నాడు అన్నయ్య.

"వచ్చింది. లెక్కల్లో," అన్నాను నేను.

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. కాసేపు గుడ్లప్పగించి అతన్నే చూస్తుండిపోయాను.

మేడమ్ అన్నిట్లోకీ చిన్న నట్టుని వేలితో తోసుకుంటూ పోయి పెద్ద బోల్టుని ఆనుకునేలా పెట్టారు. "మన ఒకటి పెట్టి వాళ్ళ నాలుగున్నరని కట్టేశామనుకోండి. మిగతా మైదానంలో ఎవరిది బలం?"

"కట్టేయడమంటే?" అన్నాడు నాన్న, ఎంత వద్దనుకున్నా ఆగలేక.

"తాడుతో కాదండీ, కుర్చీతో. మామూలు ఆటలో ఎవడైనా అడ్డొస్తే ఒంగి, పక్కకి అడుగేసి తప్పించుకుంటాం. కుర్చీ ఒంగదు, పక్కకి అడుగేయదు. దాని చక్రం ముందు మన చక్రం పెట్టామంటే అది అక్కడే. గుద్దకూడదు, చేత్తో పట్టుకోకూడదు. ముందు చేరినవాడిదే చోటు, అంతే."

అన్నయ్య ఆ నట్టునీ బోల్టునీ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. మేడమ్ ఇంకొక్క మాట చెప్పారు. ఈ వానాకాలం పోటీల్లో బాగా ఆడినవాళ్ళని శిక్షణ కేంద్రానికి తీసుకుంటారట. ఏడాది పాటు అక్కడే హాస్టల్లో ఉండాలి. ఇంటివాళ్ళెవరూ వెంట ఉండకూడదు.

నాన్న స్పానర్ బల్ల మీద పెట్టేశాడు. "ఆడితే ఆడనీండి. ఆ హాస్టలు మాట మాత్రం నా దగ్గర ఎత్తొద్దు మేడమ్. ఒంటికి పుండ్లు పడకుండా రాత్రిపూట వాణ్ణి పక్కకి తిప్పేదెవరు?"

అన్నయ్య ఆ పెద్ద బోల్టుని చేతిలోకి తీసుకుని గుప్పిట మూయడం నేను చూశాను. వెళ్ళాలని ఉంది అతనికి. అది తెలియడానికి చెల్లెలిని కానక్కర్లేదు.

తిప్పడమనే ఏముంది, అన్నీ నాన్నే. స్నానం గదికి నాన్న, మంచం మీదికి నాన్న, ఇంటి ముందు మెట్లు దిగాలంటే నాన్న వీపు. మెట్ల మీద ఒక ర్యాంపు వేయిద్దామని అమ్మ అడిగినప్పుడల్లా, "నేను చచ్చానా?" అనేవాడు.

"చచ్చాక వేయిస్తే నీకు మాత్రం ఏం ఉపయోగం?" అనేది అమ్మ.

తరవాత మేడమ్ దగ్గర నేను ఆటలోని రెండు రకాల కాపలాల గురించి విన్నాను. ఒకటి ఒక్కో మనిషినీ ఒక్కో మనిషి పట్టుకుని వదలకపోవడం. రెండోది ఎవరి జాగా వాళ్ళు కాసుకుని, ఆ జాగాలోకి వచ్చినవాణ్ణే పట్టించుకోవడం. వినగానే అనుకున్నాను, మా నాన్నది మొదటి రకమేనని. అన్నయ్య దగ్గినా పక్కన నాన్న ఉండేవాడు.

ఆట పాత గోదాములో జరిగేది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే పక్కవాడి మాట వినపడేది కాదు. సంచులు కుట్టే పని నాది. మధ్యాహ్నానికల్లా మిషను ఆపేసి, అన్నయ్యని బురదలో తోసుకుంటూ తీసుకెళ్ళేదాన్ని. మెట్లు మాత్రం నాన్నే మోసి దించేవాడు. అన్నయ్య కుర్చీలోంచి ముందుకి పడిపోకుండా ఛాతీకి కట్టుకునే బెల్టు కూడా నేనే కుట్టాను, సంచుల పట్టీలతో, మూడేసి వరసల కుట్టు వేసి.

మొదటి వారమంతా నాకు చిర్రెత్తుకొచ్చింది. అన్నయ్యకి ఎవరూ బంతి ఇవ్వరు. అతను అడగడు. ఎటో పోతాడు, ఎక్కడో ఆగుతాడు, మళ్ళీ ఎటో పోతాడు. దారి తప్పిన మనిషి అడ్రసు వెతుక్కుంటున్నట్టుంది.

"ఏం చూస్తున్నావమ్మా?" అని ఒకరోజు మేడమ్ నా పక్కన కూర్చున్నారు.

"బంతిని."

"బంతిని అందరూ చూస్తారు. కాసేపు దాన్ని వదిలేసి మీ అన్నని చూడు."

చూశాను. మనవాడొకడు బంతితో బుట్ట వైపు దూసుకొస్తున్నాడు, వాడి మీదికి ఒక కాపలావాడు వెళుతున్నాడు. అన్నయ్య వాళ్ళిద్దరి దగ్గరకీ పోలేదు. ఆ కాపలావాడు ఇంకా చేరని చోటికి పోయి ఆగాడు. వాడొచ్చేసరికి దారిలో అన్నయ్య చక్రం ఉంది. వాడు ఆగిపోయాడు. బంతి ఉన్నవాడు పెళ్ళివారి కారులా దర్జాగా ముందుకెళ్ళి బుట్టలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టింది వాడికి. అన్నయ్య అప్పటికే వెనక్కి తిరిగి ఇంకో చోటికి పోతున్నాడు.

మళ్ళీ చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను. ఎవరు ఎక్కడికి వెళతారో వాళ్ళకి తెలియకముందే అతనికి తెలుస్తోంది. మన దగ్గర బంతి ఉంటే మనవాడికి దారి తెరుస్తున్నాడు, వాళ్ళ దగ్గర ఉంటే వాళ్ళ దారి మూసేస్తున్నాడు. బంతిని ముట్టుకోకుండా మైదానమంతటినీ నడిపిస్తున్నాడు. చేతికందిన బంతిని ఎవరికీ ఇవ్వని మనిషి ఇతనేనా అని నోరు వెళ్ళబెట్టుకుని చూశాను. ఆ రోజు ఇంటికి తోసుకొస్తూ దారి పొడుగునా అదే చెప్పాను. అతను మాత్రం, "గుంతలు చూసి తోయవే తల్లీ," అన్నాడు.

పోటీలకి ముందు రోజు మేడమ్, అన్నయ్య గోదాములో వాడే ఆట కుర్చీని మా ఇంటికే పంపించారు. అన్నయ్య మధ్యాహ్నం పడుకుని ఉన్నాడు. నేను మిషను మీద ఉన్నాను. ఆ కుర్చీని దగ్గర నుంచి చూడటం నాన్నకి అదే మొదటిసారి. దాని చక్రాలు పైన ఒంటికి దగ్గరగా, కింద బాగా ఎడంగా, ఏటవాలుగా ఉంటాయి. రెండిటినీ కలిపే ఇరుసు గొట్టం చివర్లు కాస్త పైకి వంగి ఉంటాయి.

నాన్న దాని చుట్టూ తిరిగి చూసి ముక్కున వేలేసుకున్నాడు. "ఎవడు బిగించాడో గానీ, రెండు చక్రాలూ వంకరే. ఇలాంటి కుర్చీలో మనవాణ్ణి కూర్చోబెడతారా?" అన్నాడు.

జీవితమంతా వంకర పోయిన చక్రాలని తిన్నగా తిప్పిన మనిషి. ఊరుకుంటాడా? ఆ గొట్టం ఊడదీసి పాత ఇనుములో పడేశాడు. మంచి గొట్టం కోసి, రెండు చివర్లా చక్రాలకి తగ్గట్టు అతికి, నూనె పెట్టి, తాడు కట్టి కొలిచి బిగించాడు. పొద్దుగూకేసరికి కుర్చీ ఆఫీసర్ ముందు నిలబడ్డ గుమస్తాలా నిటారుగా నిలబడింది. దాన్ని తడవకుండా కాగితాల్లో చుట్టి, మర్నాడు ఆటోలో తనే పట్టుకొచ్చాడు.

గోదాములో కాగితాలు విప్పగానే అన్నయ్య మొహంలో రంగు మారింది. నాన్న ఎదురుగా పెళ్ళికొడుకు తండ్రిలా వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు. అన్నయ్య ఒక్కసారి ఆ మొహం చూసి, బెల్టు కట్టుకున్నాడు.

ఆ ఆట నేను మరిచిపోవాలనుకుంటాను. తిరగాల్సిన చోట కుర్చీ తిరగలేదు. ప్రతి మనిషికీ ఒక్క క్షణం వెనక చేరాడు. చేరిన చోట అవతలి కుర్చీ వచ్చి తగిలితే, రెండు చక్రాల మధ్య అతని వేళ్ళు నలిగాయి. మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు.

మేడమ్ నేల మీద మోకాళ్ళూని చక్రాలు చూశారు. "ఎవరు చేశారిది?"

"నేనే మేడమ్," అన్నాడు నాన్న. "ఇరుసు వంగిపోయి ఉంటేనూ."

ఆవిడ ఆ అతుకు మీద చెయ్యి వేసి చూశారు. "ఎంత నికార్సైన పనండీ. వెంట్రుకంత తేడా లేదు." చెయ్యి తీయకుండానే మెల్లగా అన్నారు, "కానీ అది వంగిపోలేదు. కావాలనే వంచారు. కింద ఎడంగా ఉంటేనే చటుక్కున తిరుగుతుంది, పక్కకి ఒరగదు. కుర్చీలు గుద్దుకుంటే కింద చక్రాలు తగులుతాయి, పైన చేతులు క్షేమంగా ఉంటాయి."

నాన్న అన్నయ్య వేళ్ళు చూశాడు. చర్మం లేచిపోయి ఉంది.

"ఎక్కగానే తెలిసుంటుంది గదరా నీకు. చెప్పలేదేం?"

"అంత ముచ్చటపడి చేశావు. ఏమని చెప్పను నాన్నా?"

నాన్న ఆ వానలోనే ఇంటికి పోయి, పాత ఇనుమంతా తిరగేసి ఆ వంకర గొట్టం వెతికి తెచ్చి బిగించాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ కూడా ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపూ వేయలేదు. మర్నాటి నుంచి పనిముట్ల పెట్టె పట్టుకుని రోజూ గోదాముకి రావడం మొదలుపెట్టాడు. జట్టులో ఏ కుర్చీ కిర్రుమన్నా తనే చూసేవాడు. ఆట మాత్రం చూసేవాడు కాదు. చూసినా బంతినే చూసేవాడు. ఒకసారి పోటీ మధ్యలో లేచి, "బంతి మావాడికి కూడా ఇవ్వండి, వాడేం పాపం చేశాడు?" అని అరిచాడు. అన్నయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు.

మనవాళ్ళు తరవాతవన్నీ గెలిచారు. చివరి పోటీ క్రేన్ జట్టుతోనే.

మేడమ్ మా బల్ల మీద పేర్చిన పెద్ద బోల్టుని ఆ రోజే మనిషి రూపంలో చూశాను. అతను చెయ్యెత్తితే మనవాళ్ళ బంతి గాల్లోనే అతని సొంతమయ్యేది. మొదటి సగమంతా మనవాళ్ళు వెనకబడే ఉన్నారు. నాన్న పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

రెండో సగం మొదలవగానే అన్నయ్య క్రేన్ వెంట పడ్డాడు. నేను నాన్న మోచెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, ఈసారి బంతిని చూడకు. అన్నయ్యని చూడు."

"వాడి దగ్గర ఏముందే చూడటానికి?"

"చూడు, చెబుతా."

వాళ్ళు బుట్టలో వేయబోయిన బంతి తప్పింది. మనవాడొకడు అందుకున్నాడు. అందరూ ఇటు కొసకి దూసుకొచ్చారు, ఇద్దరు తప్ప. క్రేన్ వెనక్కి తిరగబోయేసరికి అక్కడ అన్నయ్య ఉన్నాడు. క్రేన్ కుడికి తిప్పాడు, అన్నయ్య చక్రం అక్కడ ఉంది. ఎడమకి తిప్పాడు, అక్కడా ఉంది. అంత మనిషి, అన్నయ్య కంటే తలా మెడా ఎత్తున్నవాడు, ఖాళీ మైదానంలో ఆ కొసన ఇరుక్కుపోయి చేతులు విదిలించుకుంటున్నాడు. మైదానం ఇటు కొసన, క్రేన్ అండ లేని వాళ్ళ జట్టు మీద మనవాళ్ళు తాపీగా బుట్ట వేశారు. మళ్ళీ అదే జరిగింది. ఆ తరవాతా అదే. ఛాతీ కింది నుంచి స్పర్శ లేని మా అన్నయ్య, రెండు చేతులతో రెండు చక్రాలు పట్టుకుని, ఆ సీజన్లో ఎవరూ ఆపలేకపోయిన మనిషిని కదలనివ్వడం లేదు.

కాసేపటికి నాన్న నా చెవిలో, ఎవరైనా వింటే పాడైపోతుందన్నట్టు అడిగాడు. "వాడెటు తిరుగుతాడో మనవాడికి ముందే ఎలా తెలుస్తోందే?"

"అదే నాకూ తెలియదు నాన్నా."

ఆట అయిపోవచ్చింది. క్రేన్‌కి ఒళ్ళు మండి, సందు లేని చోట బలమంతా పెట్టి దూరబోయాడు. అన్నయ్య కుర్చీ పక్కకి ఒరిగి దబ్బున పడింది. బెల్టుతో కట్టేసి ఉన్నాడేమో, కుర్చీతో సహా నేల మీద ఉన్నాడు. పై చక్రం గాల్లో తిరుగుతోంది.

నాన్న ఎప్పుడు లేచాడో తెలియదు. జనాన్ని తోసుకుంటూ మైదానం గీత దాకా వెళ్ళిపోయాడు. అన్నయ్య నేల మీంచే తల తిప్పి చూశాడు. ఒక్క వేలు ఎత్తి, వద్దన్నట్టు ఆడించాడు.

నాన్న చెప్పుల కొసలు గీత మీద ఉన్నాయి. గీత దాటలేదు. చేతులు రెండూ ముందుకి చాపినవి చాపినట్టే ఉండిపోయాయి.

మనవాడొకడు ఒక పక్కా, క్రేన్ ఇంకో పక్కా వంగి కుర్చీని పైకి లేపారు. "ఎక్కణ్ణించి వచ్చావయ్యా నువ్వు, జిగురులా అంటుకున్నావు," అన్నాడు క్రేన్ ఆయాసపడుతూ.

"నట్టునండీ నేను. బోల్టుని వదలను," అన్నాడు అన్నయ్య.

నాన్న వచ్చి నా పక్కన కూర్చుని చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆఖరి బంతి మన చేతిలో ఉంది. గోదాములో అందరి తలలూ దాని వెంటే తిరిగాయి. ఉన్నట్టుండి వాన చప్పుడుని మించి కేకలు లేచాయి. ఎవరో తువ్వాళ్ళు ఎగరేస్తున్నారు. మనవాళ్ళు గెలిచారు. ఆ బుట్ట పడటం నేను చూడలేదు, నాన్న కూడా చూడలేదు. మేమిద్దరం అవతలి కొసన, క్రేన్ ముందు చక్రం పెట్టి కూర్చున్న మా మనిషినే చూస్తున్నాం.

వారం తిరక్కుండా మేడమ్ షాపుకి ఫోన్ చేశారు. అన్నయ్యని శిక్షణ కేంద్రానికి తీసుకున్నారట. నాన్న ఫోన్ పెట్టేసి లోపలికొచ్చాడు. అమ్మా నేనూ చేస్తున్న పని ఆపేశాం.

"రాత్రిపూట పక్కకి తిప్పేదెవరు?" అన్నాడు. అదే మాట. కానీ ఈసారి నిజంగా అడుగుతున్నట్టుంది.

అన్నయ్య దిండు కింద నుంచి ఒక పట్టీ తీశాడు. ఛాతీ బెల్టు కుట్టినప్పుడే, మిగిలిన పట్టీతో కొసన ఉచ్చు పెట్టి ఇంకొకటి కుట్టిపెట్టమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. దాన్ని మంచం చువ్వకి తగిలించి, ఉచ్చులో చెయ్యి దూర్చి లాగాడు. మొహం ఎర్రబడింది. మోచేతి మీద లేచాడు, జారాడు, మళ్ళీ లేచాడు. ఒక చేత్తో కాళ్ళని ఒక్కొక్కటే లాక్కున్నాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు నాన్న చేతులు లేచాయి. రెండుసార్లూ వాటిని చంకల్లో పెట్టుకుని నొక్కిపట్టాడు. చివరికి అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని, రొప్పుతూ, "ఇలా," అన్నాడు.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. నాన్న షాపులోకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దుటి నుంచీ షాపులో కొలిమి మండుతూనే ఉంది. నాన్న ఒక గొట్టంలో ఇసుక నింపి, రెండు వైపులా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచుతున్నాడు. ఇసుక ఉంటే వంచినచోట నొక్కుకుపోదు. ఆట కుర్చీలోని ఇరుసు పక్కన పెట్టి చూడటం, చాలక మళ్ళీ కాల్చడం. పాడైన గొట్టాలు కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. వచ్చినవాళ్ళని సాయంత్రం రమ్మని పంపేశాడు. తిన్నగా చేయడం తప్ప తెలియని చేతులు, వంకర చేయడానికి ఆ రోజంతా తంటాలు పడ్డాయి.

దీపాలు పెట్టే వేళకి ఒక గొట్టం కుదిరింది. గుడ్డతో తుడిచి, అన్నయ్య ఒళ్ళో పెట్టాడు.

"స్పేరు. దగ్గర ఉంచుకో," అన్నాడు.

అన్నయ్య వంపు మీద వేలు పెట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా నెమ్మదిగా రాశాడు. తల ఎత్తలేదు. ఎత్తితే ఏడ్చేస్తాడని నాకు తెలుసు.

నాన్న చేతులు కడుక్కోవడానికి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"అక్కడ ఎవడైనా మెకానిక్కు, ఇది వంకరగా ఉంది తిన్నగా చేస్తానంటాడు. చేయనివ్వకురా."